గోరువంక జవాబుల కొట్టు

అనగనగా ఒక అడవి. ఎక్కడుందని అడక్కండి. రోడ్డు అయిపోయి, కాలిబాట కూడా అయిపోయి, మీ నాన్న "ఇక నా వల్ల కాదు" అని కూలబడే చోటు దాటాక ఉంది. ఆ అడవిలో వారానికోసారి సంత జరిగేది.

మన సంతలో వంకాయలూ ఎండుచేపలూ గాజులూ అమ్ముతారు కదా. అక్కడ అవేవీ ఉండవు. అక్కడ అమ్మేది సంగతులు. తేనెపట్టు ఎక్కడుందో ఎలుగుబంటి అప్పన్న చెబుతాడు. దుంపలు ఎక్కడ ఊరాయో అడవిపంది పోలమ్మ చెబుతుంది. నీళ్ళు ఎక్కడున్నాయో తాబేలు తాతారావు చెబుతాడు. అడిగినవాళ్ళు ఒక పండో కాయో వాళ్ళ ముందు పెట్టాలి.

ఆ సంతకి ఒక కట్టుబాటు ఉండేది. చెప్పినవాళ్ళు చెప్పి ఊరుకుంటే కుదరదు. అడిగినవాళ్ళని వెంటబెట్టుకుని, తామే ముందు నడిచి, ఆ చోటు చూపించాలి. తేనెపట్టు ఉందన్న చోట కందిరీగలుంటే మొదటి కాటు అప్పన్న ముక్కు మీదే పడుతుంది. అందుకే అప్పన్న ఒకటికి రెండుసార్లు ఆలోచించి మరీ నోరు విప్పేవాడు.

అలాగని వాళ్ళేదో మహానుభావులనుకునేరు. అప్పన్న దారి పొడుగునా తన కుర్రతనం గొప్పలు చెప్పి ప్రాణాలు తోడేసేవాడు. చివర్లో పట్టులో సగం తనే నాకేసేవాడు. పోలమ్మకి ముక్కు మీద కోపం. మధ్యదారిలో ఎవరైనా "ఇంకా ఎంత దూరం?" అన్నారో, అలిగి వెనక్కి తిరిగేది. తాతారావు సంగతి చెప్పక్కర్లేదు. ఆయన వెనక నడుస్తుంటే, మడుగు చేరేలోపు వానాకాలం వచ్చేసి నీళ్ళే మన దగ్గరికి వస్తాయేమో అనిపించేది. పైగా అప్పన్నకీ పోలమ్మకీ మాటల్లేవు. ఎప్పుడో ఒక పనసపండు దగ్గర తగువొచ్చింది. పండు ఎవరు తిన్నారో ఇద్దరికీ గుర్తు లేదు కానీ తగువు మాత్రం బాగా గుర్తుంది.

సంత మధ్యలో ఒక మద్దిచెట్టు. దాని మీద ముత్యాలు అనే గోరువంక ఉండేది. మన కథ దీనిదే. నల్లటి ఒళ్ళు, పచ్చటి ముక్కు, గుప్పెట్లో పట్టేంత పిట్ట. కానీ దానికో విద్య ఉంది. ఎవరి గొంతు విన్నా అచ్చు అలాగే పలికేది. అప్పన్న గొంతుతో "ఏమేవ్!" అంటే, గుహలోంచి అప్పన్న పెళ్ళాం "వస్తున్నానండీ" అనేది. కొమ్మ మీద కూచుని సంతలో మాటలన్నీ వినేది. ఒకరి మాటకి ఇంకొకరి మాట కలిపి కొత్త కొత్తగా అల్లుకునేది. ఎవరికీ అమ్మేది కాదు. దాని సరదా దానిది.

ఒకరోజు ముంగిస గవర్రాజు ఆ చెట్టు కింద ఆగాడు. గవర్రాజు ఎప్పుడూ ఏదో ఒక వ్యాపారం పెట్టి, అది మూసేసి, ఇంకోటి పెట్టే రకం. అంతకుముందు పాములకి రక్షణ పథకం అమ్మాడు. ఎవరి నుంచి రక్షణ అంటారా? ముంగిస నుంచి.

"అమ్మాయ్ ముత్యాలూ! సంత సంతంతా నీ గొంతులో ఉందే! కొట్టు పెట్టేద్దాం," అన్నాడు.

"అవి వాళ్ళ మాటలు కదా బాబాయ్," అంది ముత్యాలు.

"గాల్లోకి వదిలేసిన మాట ఎవరిదమ్మా? గాలిది. గాలి ఎప్పుడైనా వచ్చి నిన్ను అడిగిందా?"

ముత్యాలు తల పక్కకి వంచి ఆలోచించింది. గాలి నిజంగానే ఎప్పుడూ అడగలేదు.

మరుసటి సంతకల్లా గవర్రాజు చెట్టు కింద నిలబడి అరవడం మొదలుపెట్టాడు. "రండి బాబూ రండి! ఏది అడిగినా జవాబు! అడిగీ అడగ్గానే జవాబు! కాయ అక్కర్లేదు, పండు అక్కర్లేదు, నడక అసలే అక్కర్లేదు!"

ముత్యాలు కిందికి వంగి మెల్లిగా అడిగింది. "ఊరికే చెబితే మనకేం లాభం బాబాయ్?"

"ముందు అందరినీ మనకి అలవాటు పడనీ. మిగతా కొట్లు మూతపడనీ. లాభమంటే ఏంటో అప్పుడు చెబుతా."

జనం, అంటే జంతువులు, విరగబడి వచ్చారు. తేనె ఎక్కడ అంటే ముత్యాలు అప్పన్న గొంతుతో చెప్పింది. దుంపలు ఎక్కడ అంటే పోలమ్మ గొంతుతో చెప్పింది. వెళ్ళి చూస్తే చెప్పిన చోటే ఉన్నాయి! దారిలో గొప్పలు వినే బాధ లేదు, అలకలు లేవు. అంతటితో ఆగలేదు. ముళ్ళపంది పెళ్ళాంతో గొడవపడి వస్తే, ముత్యాలు ఒక క్షమాపణ అల్లిచ్చింది. అది ఎంత బాగుందంటే, ఆ ఇల్లాలు క్షమించేసి, మళ్ళీ వినాలనిపించి మొగుడితో మళ్ళీ గొడవ పెట్టుకుంది. నెమలి తన మీద తనే పొగడ్త చేయించుకుని, ఎవరో అభిమాని పంపారని అడవంతా పాడుకుంటూ తిరిగింది.

"ముత్యాలంటే ముత్యాలే! దానికి తెలియనిది లేదు!" అన్నారు అందరూ.

నిజం చెప్పాలంటే ఆ మాట ముత్యాలుకి బాగా తలకెక్కింది. ఇన్నాళ్ళూ ఎవరూ తలెత్తి చూడని పిట్ట కదా. ఇప్పుడు ఏనుగులు కూడా తొండమెత్తి పలకరిస్తున్నాయి. ఎవరికైనా సంతోషం వేస్తుంది. నాకైనా, మీకైనా.

పాత కొట్ల దగ్గర మాత్రం ఈగలు కూడా వాలడం లేదు. ముందుగా అప్పన్న ఊగిపోతూ వచ్చాడు.

"ఒసే పిట్టా! పిల్లకొండ తేనె సంగతి నాది. దానికోసం ఎన్ని కాట్లు తిన్నానో నా ముక్కుని అడుగు!"

గవర్రాజు వినయంగా చేతులు కట్టుకున్నాడు. "తమరి మాట ఎవరు తీసుకున్నారండీ? మా అమ్మాయి విని నేర్చుకుంది. తమరు మాత్రం? చిన్నప్పుడు మీ అమ్మగారి దగ్గర విని నేర్చుకోలేదూ?"

అప్పన్న తల గోక్కున్నాడు. "నేర్చుకున్నాను," అన్నాడు. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక అసలు జవాబు తట్టింది. అక్కణ్ణుంచే అరిచాడు. "నేర్చుకున్నాను గానీ, నేర్చుకుని మా అమ్మ ఎదురుగా కొట్టు పెట్టలేదురా!"

గవర్రాజుకి అప్పటికప్పుడు చెవుడు వచ్చింది.

ఆ తర్వాత పోలమ్మ వచ్చి తిట్టి వెళ్ళింది. ఆ తర్వాత తాతారావు వచ్చాడు. ఆయన బయల్దేరింది పోలమ్మకంటే ముందే, చేరింది మాత్రం సంత ఎత్తేశాక. చెట్టు కింద ఎవరూ లేరు. కొమ్మ మీద ముత్యాలు ఒక్కతే ఉంది.

"నా గొంతుతో నువ్వు మాట్లాడుతున్నావట. అయితే ఇక నేనెందుకమ్మా మాట్లాడ్డం?" అన్నాడు. తల డిప్పలోకి లాగేసుకున్నాడు. మళ్ళీ బయటపెట్టలేదు.

ముత్యాలుకి గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. కానీ మర్నాడు మళ్ళీ పొగడ్తలు మొదలయ్యాయి. ఆ సందట్లో ముల్లు సంగతి మరిచిపోయింది.

అప్పన్న నోరు కట్టేసుకున్నాడు. పోలమ్మ సంతకి రావడమే మానేసింది. అడవిలో కొత్త సంగతి చెప్పేవాళ్ళే లేకుండా పోయారు. అప్పుడు గవర్రాజు లాభమంటే ఏంటో చూపించాడు. జవాబుకి పళ్ళ గంప అడగడం మొదలుపెట్టాడు. జంతువులు గొణుక్కున్నాయి, కానీ పాత కొట్లు లేవాయె, ఎక్కడికి పోతాయి?

ఆ గంపలు చూసి నక్క చిదంబరానికి నిద్ర పట్టలేదు. ఎక్కణ్ణుంచో సుందరి అనే రామచిలుకని పట్టుకొచ్చి, ఎదురుగా తనూ ఒక కొట్టు తెరిచాడు. సుందరి ఆ సంతలో ఎన్నడూ కూచోలేదు, ఎలుగుబంటి మాట వినలేదు, పంది మాటా వినలేదు. మరెక్కడ నేర్చుకుందంటే, చాటుగా కూచుని ముత్యాలు మాటలు విని నేర్చుకుంది.

గవర్రాజు భగ్గుమన్నాడు. "దొంగతనం! పట్టపగలు దొంగతనం! మా మాటలు మమ్మల్ని అడక్కుండా తీసుకుంటారా?"

"గాల్లో మాట గాలిదని తమరే కదా సెలవిచ్చారు," అన్నాడు చిదంబరం పళ్ళు బయటపెట్టి.

ఇక పోటీ మొదలైంది. ముత్యాలు అడగ్గానే చెబితే, సుందరి అడిగేలోపే చెప్పేది. సుందరి తియ్యగా చెబితే, ముత్యాలు ఇంకాస్త పాకం పోసి చెప్పేది. కొత్త సంగతులు రావడం లేదు కనుక ముత్యాలు కూడా సుందరి మాటలు వినడం మొదలుపెట్టింది. ఇది విని అదీ, అది విని ఇదీ! "చెట్టు తొర్రలో తేనె ఉంది" అన్న మాట కాస్తా రెండు కొట్ల మధ్యా అటూ ఇటూ తిరిగి, "తేనెచెట్టుకి తొర్రలు కాస్తాయి" అయి కూచుంది. ఇద్దరూ అదే మాట అంటున్నారు కనుక నిజమే అయి ఉంటుందని అందరూ నమ్మారు.

కుందేలు దుంపల కోసం అడిగింది. కొమ్మ చివర చూడమంది ముత్యాలు. కుందేలు వెలగచెట్టు ఎక్కబోయి కిందపడి నడుం పట్టేసుకుంది.

కోతి తేనె కోసం అడిగింది. ముత్యాలు చెప్పిన చోట ఉన్నది కందిరీగల గూడని వెళ్ళాక తెలిసింది. మొహం వాచిపోయి ఇంటికెళితే, సొంత పిల్లలే "అమ్మ ఇంట్లో లేదు, తర్వాత రండి" అన్నాయి.

పునుగుపిల్లి తలనొప్పికి మందు అడిగింది. ముత్యాలు దురదగొండి ఆకు రుద్దుకోమంది. తలనొప్పి నిజంగానే పోయింది. దాని గురించి ఆలోచించే తీరిక ఉంటే కదా!

ముగ్గురూ కలిసి కొట్టు మీదికి వచ్చారు. గవర్రాజు ఏమాత్రం కంగారు పడలేదు. "జవాబులో తప్పు లేదు. మీరు అడిగిన పద్ధతి బాగాలేదు," అన్నాడు.

"ఎలా అడగాలి మరి?" అంది కోతి వాచిన మూతితో.

"ముందు 'దయచేసి' అన్నావా?"

"అనలేదు."

"అదీ సంగతి! మళ్ళీ సరిగ్గా అడుగు. కొత్త ప్రశ్న కనుక కొత్త గంప తెచ్చుకో."

కోతి మొహం చూసి ముత్యాలుకి భయం వేసింది. "బాబాయ్, నేను చెప్పింది తప్పా?" అంది.

"తప్పో ఒప్పో మనకెందుకు? తడుముకోకుండా చెప్పావా లేదా?"

"చెప్పాను."

"మరింకేం!"

ఈ గొడవలు ఏనుగు గౌరమ్మ చెవిన పడ్డాయి. పెద్ద చెవులు కదా, ఆలస్యంగానైనా పడతాయి. ఆమె అడవికంతటికీ పెద్దదిక్కు. అందరినీ పిలిచి, "ఈ జవాబుల కొట్లకి కట్టుబాట్లు పెట్టాలి," అంది.

వెంటనే గవర్రాజూ చిదంబరమూ అన్నదమ్ముల్లా ఒక్కటైపోయారు. "పెట్టండమ్మా, కాదన్నామా? కాకపోతే మనం కట్టుబాట్లంటూ కూచుంటే పక్క కొండ అడవివాళ్ళు మనల్ని దాటి ముందుకు పోతారు," అన్నాడు గవర్రాజు.

"ఎక్కడికి పోతారు?" అంది గౌరమ్మ.

"ముందుకండీ."

ఆ ముందు అన్నది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కానీ పక్క అడవివాళ్ళు అక్కడికి పోతారంటే అందరికీ ఒళ్ళు మండింది. చివరికి ఒక కమిటీ వేశారు. విషయం బాగా తెలిసినవాళ్ళు ఉండాలన్నారు కనుక దానికి పెద్ద గవర్రాజు, చిన్న చిదంబరం. కమిటీ కూచుంది, పళ్ళు తింది, లేచింది. ఆలోచించడానికి ఇంకా వ్యవధి కావాలంది.

అంతలో ఎండలు ముదిరాయి. ఆ ఏడు ఏరు అడుగంటింది. సంత పక్క చెలమ కూడా ఎండిపోయింది. ఆకులు రాలాయి. ఒక పొద్దున్న అడవంతా నాలుకలు బయటపెట్టుకుని మద్దిచెట్టు కిందికి వచ్చింది. గౌరమ్మ మనవడు, చిన్న గున్న ఏనుగు, నిలబడలేక తల్లి కాళ్ళకి ఆనుకుని ఉన్నాడు. జింకపిల్లల కళ్ళు గుంటలు పడ్డాయి.

"నీళ్ళెక్కడున్నాయి?" అంది గౌరమ్మ.

చిదంబరం సుందరిని పొడిచాడు. "పడమటి లోయలో! పెద్ద కొలను!" అని అరిచింది సుందరి.

గవర్రాజు చెట్టెక్కి ముత్యాలు పక్కకి వచ్చాడు. "తూర్పు అను! ఈ ఒక్క జవాబూ మనదైతే అడవంతా మనదే!"

ముత్యాలు లోపల వెతుక్కుంది. నీళ్ళ గురించి దాని దగ్గరున్నది ఒకే మాట. ఎర్రరాళ్ళ మలుపులో మడుగుందని ఎప్పుడో పోయినేడు తాతారావు అన్న మాట. ఇప్పుడుందో లేదో? ఆ సంగతి ఆలోచించేలోపే అలవాటైన నోరు జారిపోయింది.

"తూర్పున, ఎర్రరాళ్ళ మలుపులో చల్లటి మడుగు! నిండా తామరలు! అంచున పచ్చగడ్డి, పైన తూనీగలు!"

వింటుంటేనే అందరి గొంతులూ గుటకలేశాయి.

గౌరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "రెండు దిక్కులు చెప్పారు. పిల్లలకి ఉన్న ఓపిక ఒక దిక్కుకే సరిపోతుంది. అయితే పాత కట్టుబాటే పాటిద్దాం. చెప్పినవాళ్ళు ముందు నడవండి."

చిదంబరానికి అప్పటికప్పుడు కడుపునొప్పి వచ్చింది. సుందరికి ఎండ పడదని కూడా గుర్తొచ్చింది. ఇద్దరూ పొదల్లోకి జారుకున్నారు. ఎదుటివాడు తప్పుకోవడంతో గవర్రాజు పొంగిపోయి, "మేం సిద్ధం!" అన్నాడు. తను గౌరమ్మ వీపెక్కి కూచున్నాడు. ఎండలో ముందు ఎగరాల్సింది ముత్యాలు.

ముత్యాలు ఎగిరింది. ఒక కొమ్మ మీద ఆగి వెనక్కి చూసింది. ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళు వెళ్ళిపోవడమే చూసింది, వెళ్ళి ఏమైపోయారో చూడలేదు. ఇప్పుడు అందరూ తన వెనకే వస్తున్నారు. కుందేలు నడుం పట్టుకుని వస్తోంది. ముళ్ళపంది దంపతులు ఒకరినొకరు ఈడ్చుకుంటూ వస్తున్నారు. గున్న ఏనుగు తల్లి తోక పట్టుకుని తడబడుతూ, అయినా ముత్యాలు వంకే చూస్తున్నాడు. ఆ చూపులో ఏ అనుమానమూ లేదు.

ఎర్రరాళ్ళ మలుపు వచ్చింది. మడుగు లేదు. తామరలు లేవు. ఎండి బీటలు వారిన మన్ను మాత్రం ఉంది.

గవర్రాజు ఏనుగు వీపు మీంచి గుసగుసలాడాడు. "ఇంకొంచెం ముందుందని చెప్పు! ఏదో ఒకటి చెప్పు! తెలియదని మాత్రం అన్నావో, కొట్టు మూతే!"

చెప్పడం ఎంత తేలికో! ముత్యాలు నాలుక మీద అప్పటికే నాలుగైదు మడుగులు పుట్టేశాయి. ఒకదాంట్లో కలువలు కూడా ఉన్నాయి. నోరు తెరిచింది. అప్పుడే గున్న ఏనుగు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ముత్యాలు కిందికి దిగి గౌరమ్మ ముందు రాతి మీద వాలింది.

"ఇక్కడ నీళ్ళు లేవమ్మా. ఎక్కడున్నాయో నాకు తెలియదు. నా వెనక ఇక నడవకండి. ఆ మడుగు సంగతి తాతారావు గారు పోయినేడు చెప్పింది. ఆయన్ని అడక్కుండా తీసుకున్నాను. తామరలూ తూనీగలూ నేను కలిపాను."

గవర్రాజు గౌరమ్మ వీపు మీంచి జారి దబ్బున కిందపడ్డాడు. అతన్ని ఎవరూ లేపలేదు.

ముత్యాలు తల దించుకుని తిట్ల కోసం ఎదురుచూసింది. గౌరమ్మకి కోపం రాలేదని చెప్పను. వచ్చింది. దాన్ని మింగి, మెల్లిగా అంది. "ఇంకో మలుపు తిప్పాక చెప్పి ఉంటే, వెనక్కి వచ్చే ఓపిక కూడా ఉండేది కాదు. ఇప్పటికైనా చెప్పావు. రెక్కలున్నదానివి, పో. తెలిసినవాళ్ళని అడిగి రా. ఈసారి అడిగి రా."

ముత్యాలు బాణంలా పోయి తాతారావు డిప్ప మీద ముక్కుతో టకటకా కొట్టింది. "తాతారావు గారూ!"

"ఎవరది? ఈ గొంతు నేనెప్పుడూ వినలేదే," అంది డిప్ప.

"నేనండీ, ముత్యాలుని. ఇది నా సొంత గొంతు."

తాతారావు ఆశ్చర్యపోయి తల బయటపెట్టాడు. "బాగానే ఉందే! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?"

ముత్యాలు జరిగిందంతా చెప్పింది. "మీ మాట అడక్కుండా తీసుకున్నాను. తప్పయింది. ఇప్పుడు అడుగుతున్నాను. నీళ్ళెక్కడున్నాయండీ?"

తాతారావు గొంతు సవరించుకున్నాడు. కాస్త సిగ్గుపడ్డాడు కూడా. "నిజం చెప్పాలంటే నాకూ తెలియదమ్మా. అలిగి కూచున్నానుగా, ఈ ఏడు ఏటి మొహమే చూడలేదు. కానీ పైన ఎండినా ఇసుక కింద నీళ్ళుంటాయి. ఏ దిక్కునో తేనెటీగలకి తెలుసు, అవి నీళ్ళు తాగడానికి పోతుంటాయి. వాటిని కనిపెట్టడం అప్పన్న పని. ఏ ఇసుక కిందో పోలమ్మ ముక్కు చెప్పాలి. వాళ్ళిద్దరూ కలిస్తే దొరుకుతాయి."

"వాళ్ళకి మాటల్లేవు కదండీ!"

"నీకున్నాయి కదా," అన్నాడు తాతారావు.

ముత్యాలు వెళ్ళి అప్పన్నని బతిమాలింది. అప్పన్న మొదట మూతి తిప్పుకున్నాడు, గున్న ఏనుగు కూలబడ్డాడని వినగానే చెట్టెక్కాడు. "తేనెటీగలు ఉత్తరపు వాగు మీదికి పోతున్నాయి. ఆ పందితో చెప్పు."

ముత్యాలు పోలమ్మ దగ్గరికి ఎగిరింది. "అప్పన్న చెబుతున్నాడు, తేనెటీగలు ఉత్తరపు వాగు మీదికి పోతున్నాయట."

"ఆ పనసపండు దొంగకి ఇన్నాళ్ళకి ఒక నిజం దొరికిందా? సరే, వస్తున్నానని చెప్పు."

ముత్యాలు తిరిగొచ్చి అప్పన్నతో చెప్పింది. "పోలమ్మ వస్తానంది. ఇంకో మాట కూడా అంది, అది పనసపండు గురించి. నీళ్ళు తాగాక చెబుతాను."

ముత్యాలు వెళ్ళి గౌరమ్మకి కబురు చెప్పింది. ఉత్తరపు వాగు ఎర్రరాళ్ళ మలుపుకి దగ్గరే ఉంది. అప్పన్నా పోలమ్మా ముందు నడిచారు. నడిచారు గానీ ఒకరు వాగుకి ఈ ఒడ్డున, ఇంకొకరు ఆ ఒడ్డున. దారిలో కలిసిన తాతారావుని గౌరమ్మ తొండంతో ఎత్తి వీపు మీద పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన అంత వేగంగా ప్రయాణం చేయలేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ముత్యాలు గున్న ఏనుగు నెత్తి మీద వాలి, "ఇంకొంచెం రా నాయనా," అంటూ వచ్చింది. ఈసారి ఆ మాట నిజం కావాలని దాని ప్రాణం కొట్టుకుంది.

పోలమ్మ ఇసుక వాసన చూసుకుంటూ పోయి ఒకచోట ఆగింది. ముట్టెతో తవ్వింది. గౌరమ్మ కాలితో తవ్వింది. పొడి ఇసుక పోయి చెమ్మ ఇసుక వచ్చింది. ఇంకా తవ్వితే గుంట అడుగున నీళ్ళు మెల్లగా ఊరాయి. తామరలు లేవు, తూనీగలు లేవు, బురద బురదగా ఉన్నాయి. గున్న ఏనుగు తొండం ముంచి తాగాడు. తాగి, మిగిలినవి ముత్యాలు మీద చిమ్మాడు. ముత్యాలు ఏడ్చింది. తడిసిపోయి ఉంది కనుక ఎవరికీ తెలియలేదు.

అందరూ తాగాక గౌరమ్మ అక్కడే చెప్పింది. "ఇవి కట్టుబాట్లు. ఒకరి మాట కావాలంటే అడిగి తీసుకోవాలి. పలికేటప్పుడు ఎవరి మాటో చెప్పాలి. వచ్చిన కాయలో వాళ్ళకీ వాటా పెట్టాలి. చెప్పాక ముందు నడవాలి. చిలకకైనా, గోరువంకకైనా ఇదే."

"కమిటీ ఇంకా ఆలోచిస్తోందండీ," అన్నాడు గవర్రాజు మూతి తుడుచుకుంటూ.

"ఆలోచించనీ. దాన్ని ఎవరు ఆపారు?" అంది గౌరమ్మ.

మరుసటి సంతకి గవర్రాజు కొత్త వ్యాపారం తెరిచాడు. గౌరమ్మ పెట్టిన కట్టుబాట్లు విడమరిచి చెబుతాడట. ఎదురుగా చిదంబరం కూడా అదే తెరిచాడు, ఇంకా తక్కువ కాయలకి.

ముత్యాలు మాత్రం మద్దిచెట్టు మీద ముడుచుకుని కూచుంది. అంతమంది ఎదుట తెలియదని అన్నాక ఇక తన దగ్గరికి ఎవరొస్తారు? పొద్దెక్కింది. ఎవరూ రాలేదు. అప్పన్న కొట్టు దగ్గర సందడిగా ఉంది. పోలమ్మ కొట్టు దగ్గర తిట్లు వినిపిస్తున్నాయి, అంటే బేరం బాగుందన్నమాట. ముత్యాలు రెక్కలు సర్దుకుని వెళ్ళిపోబోయింది.

అప్పుడు చెట్టు కింద గలగలమంది. ముళ్ళపంది ఇల్లాలు ఒక నేరేడుపండు తెచ్చి చెట్టు మొదట్లో పెట్టింది.

"అమ్మాయ్, మా పిల్లాడికి దగ్గు తగ్గడం లేదు. ఏ ఆకు పెట్టాలో చెప్పు."

ముత్యాలు నమ్మలేకపోయింది. "నన్నా అడుగుతున్నావు వదినా? నాకు తెలియదని ఆ రోజు నువ్వూ విన్నావుగా!"

"విన్నాను కాబట్టే వచ్చాను," అంది ముళ్ళపంది ఇల్లాలు. "తెలియనప్పుడు తెలియదన్నావు. ఇక నువ్వు తెలుసని చెబితే, అది మా పిల్లాడికి పెట్టడానికి నాకు భయం ఉండదు."

నీతి: ఒకరి దగ్గర నేర్చుకున్న మాటని అడిగి తీసుకోవాలి, ఎవరిదో చెప్పి పలకాలి. తెలియనిది తెలియదని ఒప్పుకున్న నోటినే లోకం నమ్ముతుంది.